సత్యనారాయణపురం కచేరీకి ఎవరైనా వచ్చారా? ఇద్దరు పెద్దవాళ్లు, ఒక కాంభోజి

రెండోకాలం | ఆదివారం రాత్రి 11:48

ఇంటికొచ్చి ఇంకా అన్నం కూడా తినలేదు. రేపు ఆఫీసుకెళ్తే ఇదంతా ఆరిపోతుందని ఇప్పుడే రాస్తున్నా.

సాయంత్రం సత్యనారాయణపురంలో కచేరీకి వెళ్లాను. పాత రైలు పట్టాలు తీసేసి బీఆర్టీఎస్ రోడ్డు వేశారు కదా, దానికి నాలుగు సందుల ఇవతల గుడిని ఆనుకుని ఉన్న చిన్న హాలు. మహా అయితే నూట యాభై కుర్చీలు. పాడినాయనకు ఎనభై దాటాయి. ఫిడేలాయన ఆయనకన్నా ఐదారేళ్లు పెద్ద. పేర్లు రాయడం లేదు. ఇది శిష్యులు ఇంట్లో శుభకార్యంలా పెట్టుకున్నది, ఫోన్లు తియ్యొద్దు, ఎక్కడా పెట్టొద్దు అని మైకులో మూడుసార్లు చెప్పారు. బెజవాడలో కచేరీలకు తిరిగేవాళ్లకు ఎవరో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. మీరూ రాయకండి.

ఇద్దరూ కలిసి కూర్చుని ఇరవై ఏళ్లు దాటిందట. గొడవలేం లేవు. ఒకాయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారు, ఇంకొకాయన కృష్ణలంక దాటి రావడం మానేశారు. అంతే.

ఆరున్నరకు అన్నారు, ఏడుంబావుకు మొదలైంది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో మీకు చెప్పాలా? శాలువాలు. జ్ఞాపికలు. ఒకాయన సంగీతం వింటే బీపీ తగ్గుతుందని ఇరవై నిమిషాలు మాట్లాడారు. నాకు పెరిగింది.

ఫిడేలాయన్ని ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. కాలు మడిచి, ఫిడేలు తల పాదం మీద ఆనించి, కమాను చేతిలోకి తీసుకున్నారు. చెయ్యి వణుకుతోంది. మూడో వరుసలో ఉన్న నాకే కనబడుతోంది ఆ వణుకు. అయిపోయింది రా అనుకున్నా. కమాను తీగను తాకింది. వణుకు లేదు. మళ్లీ తీగ మీంచి లేచిందా, వణుకు. కచేరీ అంతా అలాగే సాగింది.

పాట విషయానికొస్తే, గొంతు పాత గొంతు కాదు. శ్రుతి అర దించుకున్నారు. వర్ణం లేకుండా నేరుగా కృతితో మొదలుపెట్టారు. మొదటి రెండూ వేడెక్కడానికే సరిపోయాయి. మోహన రాగం దగ్గర నుంచి కుదిరింది. ఆ తర్వాత కాంభోజి. ఆలాపనకు పావుగంట. ఎక్కడా తొందర లేదు. కింద పంచమం దగ్గర కూర్చుని, పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నంత తీరిగ్గా కాసేపు అక్కడక్కడే తిరిగారు. ఫిడేలు వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నారు. మధ్యలో ఓసారి "అబ్బో" అన్నారు. మైకులో పడింది.

అసలు అడగాలనుకున్నది ఇది. కృతి చరణంలో రెండో పాదం పాడి, మళ్లీ అదే ఎత్తుకోబోయి ఠక్కున ఆగిపోయారు. సగం ఆవర్తనం పాటు, అంటే తాళం సగం చుట్టు తిరిగేంత సేపు, గొంతు లేదు. తాళం వేసే చెయ్యి మాత్రం ఆగలేదు. ఫిడేలు ఒక్కటే మూడో పాదంలోకి వెళ్లిపోయింది. ఈయన అరచేత్తో నుదురు కొట్టుకుని, నవ్వి, ఆ పాదం మధ్యలో కలిశారు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి "మర్చిపోతే ఎలా అందించాడో చూశావా" అని నా తొడ మీద ఒక్కటిచ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు.

మీలో ఎవరైనా ఉన్నారా అక్కడ?

పునుగుల బండి | సోమవారం ఉదయం 6:31

నేనున్నా. నాకు సంగీతం రాదు, మా ఆవిడ కోసం వచ్చా. బండి పెట్టడానికి చోటు దొరక్క గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశా. పుణ్యమైనా వచ్చి ఉంటుంది. లోపలికొచ్చేసరికి శాలువాల మీద ఉన్నారు కాబట్టి మిస్సయ్యిందేం లేదు.

నాకు గుర్తున్నది కచేరీ అయ్యాక జరిగింది. నా బండికి అడ్డంగా వాళ్ల కారు. పాడినాయన ఎక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నారు. సరే కదులుతారు కదా అని హెల్మెట్ పెట్టుకున్నా. ఫిడేలాయన్ని ఇటు డోరు దగ్గరికి తెచ్చేసరికి ఈయన మళ్లీ దిగి, కారు వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి, ఆయన్ని ముందు లోపలికి జరగమని, తర్వాత ఈ డోరులోంచి ఎక్కారు. ఎనభై ఏళ్ల మనిషి, దిగడం ఎక్కడం, పది నిమిషాలు. పెద్దవాళ్లని ఏమంటాం. మా ఆవిడ "హెల్మెట్ తీసెయ్, ఉక్కపోస్తుంది" అంది.

ఇంతకీ కాంభోజి అంటే ఆ పొడుగ్గా సాగినదేనా?

రెండోకాలం | సోమవారం ఉదయం 7:05

అదే అన్నా. పొడుగ్గా సాగినదే.

మిశ్రచాపు | సోమవారం ఉదయం 9:20

నేనూ ఉన్నాను, ముందు వరుసలో ఎడమ చివర. నా మాట కొంచెం చేదుగా ఉంటే క్షమించండి.

వయసుకు దణ్ణం పెడతా. సంగీతానికి కాదు. పై గాంధారం ఒక్కసారి కూడా నిలవలేదు. స్వరకల్పనలో మూడుసార్లు ఒకే ముక్తాయి (ముగింపు అల్లిక) వేశారు. మనం వినేది ఆ రాత్రి వినబడ్డ పాటనా, లేక ముప్పై ఏళ్ల కిందట విన్న పాటను మనసులో వేసుకుని దాన్నా? చప్పట్లు సగం జాలితో కొట్టినవే. ఆ పెద్దల్ని మనం గౌరవించే పద్ధతి ఇదేనా అని నా అనుమానం.

చరణం సంగతి. పక్కవాద్యం పక్కనే ఉండాలి. గాయకుడు ఆగితే ఆగాలి, లేదా పాడిన పాదాన్నే పట్టుకుని కాపు కాయాలి. ముందుకెళ్లి లాక్కుపోవడం ధర్మం కాదు. కుర్రాడెవరైనా ఆ పని చేసుంటే రెండో కచేరీకి పిలవరు. పెద్దాయన చేశారు కాబట్టి "స్నేహం" అయ్యింది.

ఇంకోటి. అసలు ఆ కూర్చోబెట్టడం ఏమిటి? ఫిడేలు ఎప్పుడూ గాయకుడికి ఎడమవైపు కదా. నిన్న కుడివైపు కూర్చోబెట్టారు. దాంతో ఆయన కమాను చెయ్యి మనవైపు వచ్చింది, వేళ్లు అటువైపు పోయాయి. ఆ వేళ్లు చూడ్డానికే నేను గంట ముందు వచ్చి ముందు వరుసలో కూర్చున్నా. రెండున్నర గంటలు మోచెయ్యి చూశా.

కృష్ణలంక కుర్రోడు | సోమవారం ఉదయం 9:41

మిశ్రచాపు గారూ, మృదంగం వైపు చూశారా? ఆ అబ్బాయిది ఎడమచేతి వాటం. నేనూ మృదంగం నేర్చుకుంటున్నా కాబట్టి మొదట అదే కనబడింది. తొప్పి (మృదంగంలో బరువు నాదం పలికే ముఖం) మీద రవ్వ ముద్ద కుడిచేత్తో అద్దుతున్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు. తెనాలి వైపు నుంచి వచ్చాడట. వాయించడం బాగానే వాయించాడు, తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) ఐదు నిమిషాల్లో ముగించేశాడు పాపం. కానీ ఇంత పెద్దవాళ్ల కచేరీకి మన ఊళ్లో ఇంతమంది సీనియర్లుండగా అతన్నెందుకు పిలిచారో మా మాస్టారికి కూడా అర్థం కాలేదు. కొంచెం నొచ్చుకున్నారు కూడా.

రేడియోబామ్మ | సోమవారం ఉదయం 11:15

నేను రాలేదు, మోకాళ్లు. మా మనవరాలు ఈ చర్చ చదివి వినిపిస్తుంటే ఆగలేక తన చేతే రాయిస్తున్నా.

మిశ్రచాపు, నాయనా, నీ మాటలో కొంత నిజం ఉంది. గొంతు ఒప్పుకోకపోతే ఎవరికైనా కష్టమే. కానీ ఆ ఇద్దరూ ఎక్కడ తయారయ్యారో ఒకసారి గుర్తు చేసుకో. మన బెజవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలమురళీకృష్ణ గారు, వోలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు, ఫిడేలు అన్నవరపు రామస్వామి గారు, మృదంగం దండమూడి రామమోహనరావు గారు, వీళ్లందరూ ఆ స్టేషన్ మనుషులే. పొద్దున్నే భక్తిరంజని పెట్టుకోకపోతే మా ఇంట్లో కాఫీ దిగేది కాదు. నువ్వు చెప్పే ఇద్దరూ ఆ చెట్టు నీడన పెరిగిన తర్వాతి తరం.

అప్పట్లో చాలా కచేరీలు నేరుగా ప్రసారమయ్యేవి. ఎర్ర దీపం వెలిగిందంటే దగ్గు వచ్చినా మింగాల్సిందే. గాయకుడికి పాదం అందకపోతే పక్కనున్నవాళ్లు ఎవరో ఒకరు అందుకోవాలి, లేకపోతే ఊరంతా నిశ్శబ్దం వింటుంది. ఆ అలవాటు ఒంట్లో ఉన్నవాళ్లకు ముందుకెళ్లడం, వెనకుండటం అనే లెక్కలుండవు. నీ ధర్మం వేదిక మీదది. వాళ్ల ధర్మం స్టూడియోది.

మిశ్రచాపు | సోమవారం ఉదయం 11:52

బామ్మగారూ, నమస్కారం. స్టూడియో మాట బాగుంది, ఆలోచిస్తా. కానీ బాలమురళి గారి పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. ఆయన వయోలా వాయించేవారు, మృదంగం వాయించేవారు, కంజిరా వాయించేవారు. పక్కన కూర్చున్నప్పుడు పక్కవాద్యంగానే ఉండేవారని కదా పెద్దవాళ్లు చెప్పేది? పాడేటప్పుడు ఎంత స్వేచ్ఛో, వాయించేటప్పుడు అంత కట్టుబాటు. నేననేది ఆ కట్టుబాటు గురించే.

రేడియోబామ్మ | సోమవారం మధ్యాహ్నం 12:10

అది నిజమే. కాదనను.

బ్రాడీపేట 4/14 | సోమవారం మధ్యాహ్నం 1:34

గుంటూరు నుంచి వచ్చిన ఏకైక ప్రాణిని నేనే అనుకుంటా. మాకు ఇక్కడ బృందావన్ గార్డెన్స్ గుడి దగ్గర కచేరీలకు కొదవ లేదు కానీ, ఈ ఇద్దర్నీ కలిపి మళ్లీ వినలేమని వారధి దాటి వచ్చా. చివర్లో మంగళం వినకుండా పరిగెత్తాను, బస్సు కోసం. బస్టాండుకెళ్తే బస్సు అరగంట లేటు. మంగళం పాయె, బస్సు పాయె.

జాలి చప్పట్లు అన్న మాట నాకు నచ్చలేదు. మోహనలో ఫిడేలాయన వేసిన ఆ ఒక్క జారు, ధైవతం నుంచి కిందికి, దానికి నేను కొట్టిన చప్పట్లలో జాలి లేదు. నా పక్కన ఓ పదో క్లాసు పిల్ల ఫోనులో ఏదో ఆడుకుంటోంది. ఆ జారుకి తలెత్తింది. దానికేం తెలుసు వాళ్ల వయసు, వాళ్ల చరిత్ర?

సౌండు మాత్రం ఘోరం. ఇంత చిన్న హాలుకి పెళ్లి సెట్టు పెట్టారు. వేదిక మీద ఆర్టిస్టుల వైపు తిప్పిన బాక్సు ఒకటి కాంభోజి మొదలైన దగ్గర్నుంచీ కుయ్యిమంటూనే ఉంది. చివరికి నేనే లేచి వెళ్లి మైకు కుర్రాడికి చెప్పి దాన్ని బాగా తగ్గించేయించా. ఆ తర్వాత హాయిగా ఉంది. నా వల్ల జరిగిన మంచి పని అదొక్కటే, రాసుకోండి.

పునుగుల బండి | సోమవారం మధ్యాహ్నం 1:50

మీరేనా ఆ చారల చొక్కా! మా ఆవిడ "పోనీలే ఎవరో ఒకరు లేచారు" అంది.

నీలిపెన్ను | సోమవారం సాయంత్రం 4:05

వచ్చిన వారెవరైనా ఆడియో రికార్డు చేసి ఉంటే దయచేసి పంపగలరు. వ్యక్తిగతంగా వింటాను, ఎక్కడా పెట్టను.

నిర్వాహకుడు | సోమవారం సాయంత్రం 4:22

రికార్డింగులు అడగొద్దు, ఇవ్వొద్దు. ఆర్టిస్టులు వద్దన్నారు, ఇక్కడ అంతే. పేర్లు రాసిన రెండు సందేశాలు తీసేశాను. "ముసలాళ్లు ఇంట్లో కూర్చోక" అంటూ రాసిన సందేశం కూడా తీసేశాను, రాసినాయన వారం రోజులు విశ్రాంతి తీసుకుంటారు. మిశ్రచాపు గారి విమర్శ ఉంటుంది. ఆయన పాట గురించి మాట్లాడారు, మనుషుల గురించి కాదు.

గళ్ల నోటుబుక్కు | సోమవారం సాయంత్రం 6:47

కూర్చునే వైపుల గురించి ఎవరూ ముందుకెళ్లలేదు, నాకు అదే ఆసక్తిగా ఉంది.

మృదంగం గాయకుడికి కుడివైపు ఉండటానికి కారణం శాస్త్రం కాదు, చెవి. కుడిచేతి వాటం మనిషి అక్కడ కూర్చుని ఫిడేలు వైపు తిరిగితే అతని కుడిచెయ్యి, అంటే కరణి (మధ్యలో నల్ల ముద్ద) ఉన్న నాదం పలికే ముఖం, జనం వైపు వస్తుంది. తొప్పి లోపలికి పోతుంది. అందుకే ఫిడేలు అటు, మృదంగం ఇటు. ఎడమచేతి వాటం అతను వస్తే ఇదంతా తిరగబడుతుంది. పళని సుబ్రమణ్య పిళ్లై గారికి (1908–1962) సరిగ్గా ఇదే చిక్కు. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన కోసం ఫిడేలు వాళ్లు తమ చోటు మార్చుకోవాలి, దానికి చాలామంది ఒప్పుకునేవారు కాదు. అంతటి విద్వాంసుడికి ఆ ఒక్క కారణంగా కచేరీలు అందకుండా పోతుంటే గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ గారు పట్టుబట్టి తన పక్కన కూర్చోబెట్టుకుని పైకి తెచ్చారు.

కాబట్టి నిన్నటి లెక్క నాకు ఇలా కనబడుతోంది. తెనాలి అబ్బాయిది ఎడమచేతి వాటం కాబట్టి అతన్ని ఎడమవైపు వేశారు, ఫిడేలాయన పెద్దమనసుతో కుడివైపుకి జరిగారు. చెంబై గారి కథే మళ్లీ.

కృష్ణలంక కుర్రోడు | సోమవారం రాత్రి 7:15

అది బానే ఉంది కానీ, అసలు ఆ అబ్బాయినే ఎందుకు పిలిచారన్న ప్రశ్న అలాగే ఉంది కదండీ. అతని కోసం ఎనభై ఆరేళ్ల ఆయన్ని జరిపారా? మా మాస్టారు నలభై ఏళ్లుగా వాయిస్తున్నారు, కుడిచేత్తో. ఆయన్ని పిలిస్తే ఎవర్నీ జరపక్కర్లేదు.

రెండోకాలం | సోమవారం రాత్రి 9:30

నిజమే. చెంబై గారి కథలో మృదంగం ముందు, చోటు తర్వాత. ఇక్కడ చోటు ముందేమో? ఊరికే అంటున్నా.

ఇద్దరు పెద్దలు కలవడం అనగానే నాకు బాలమురళి, భీమ్‌సేన్ జోషి గార్ల జుగల్బందీలు గుర్తొస్తాయి. అక్కడ ఇద్దరూ ఇద్దరే. ఒకరిది కర్ణాటకం, ఒకరిది హిందుస్థానీ. ఎవరి బలం వారిది, ఎదురెదురు. నిన్నటిది ఆ రకం కాదు. ఇద్దరిదీ ఒకే బాణీ, ఒకే ఊరి పాఠం. బాలమురళి గారు, అన్నవరపు వారు ఇద్దరూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులే కదా, ఒకే చోట తిన్న ఉప్పు. అటువంటిదే ఇదీ. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన త్యాగరాజస్వామికి నేరుగా శిష్యులు. అంతే దూరం. మధ్యలో ముగ్గురు.

రేడియోబామ్మ | సోమవారం రాత్రి 9:58

ఆ పంతులు గారు చేసే ఆరాధనోత్సవాల్లోనే ఎనిమిదేళ్ల పిల్లాడు మురళీకృష్ణ పాడితే, హరికథలు చెప్పే ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు "బాల" అని ముందు చేర్చారు. ఈ ఊళ్లోనే. మా అమ్మ చెప్పేది. మనవరాలు నిద్రపోతానంటోంది, ఉంటా.

తంబూర వెనకాల | మంగళవారం సాయంత్రం 5:12

నేను పాడిన మాస్టారి శిష్యురాలిని. శ్రుతి పెట్టె వద్దన్నారు కాబట్టి వెనక తంబూర మీటింది నేనే. ఇక్కడ చేరి మూడేళ్లయినా ఇదే మొదటి సందేశం. నేను రాయాలనుకోలేదు, రాయిస్తున్నారు.

ఫిడేలు మాస్టారి మనవడు ఈ చర్చంతా ఆయనకు చదివి వినిపించాడట. గట్టిగా అరిచి. పొద్దున నాకు ఫోను వచ్చింది. "మర్చిపోతే నేను అందించానని రాశారట. అందించడమా పాడా! దాటిపోయాను అని రాయి" అన్నారు. పేరు మాత్రం వద్దన్నారు.

జరిగింది ఇది. ఆయనకు కుడి చెవి నాలుగేళ్లుగా వినపడదు. ఎడమది పర్వాలేదు. మిషన్ ఉంది, మాటలకు పెట్టుకుంటారు. ఫిడేలు పట్టుకుంటే తీసేస్తారు, అది పెట్టుకుంటే తన వాద్యం తనకే రేకు డబ్బాలా వినిపిస్తుందట. ఫిడేలు వాళ్లు కూర్చునే మామూలు చోట కూర్చుంటే గాయకుడు కుడి చెవి వైపు పడతారు. అందుకే ఆయన కచేరీలు మానేశారు. కృష్ణలంక దాటకపోవడానికి కారణం మోకాళ్లు కాదు.

రెండు నెలల క్రితం మా మాస్టారు ఆయన ఇంటికి వెళ్లి, చాప మీద అటూ ఇటూ మారి మారి కూర్చుని పాడి చూశారు. కుడివైపు ఆయన, ఎడమవైపు ఈయన అయితే కుదిరింది. మరి మృదంగం ఎక్కడ? అవతలి వైపు కూర్చుంటే తొప్పి జనం వైపు వస్తుంది. అందుకని ఎడమచేతి వాటం వాళ్లెవరున్నారని వెతికారు. ముగ్గురు నలుగురికి ఫోన్లు చేస్తే తెనాలి అబ్బాయి దొరికాడు. కృష్ణలంక కుర్రోడు గారూ, మీ మాస్టారికి చెప్పండి, అది ఆయన్ని కాదని కాదు. కారణం చెప్తే ఫిడేలు మాస్టారి చెవి సంగతి ఊరంతా తెలుస్తుందని ఎవరికీ చెప్పలేదు. మిశ్రచాపు గారూ, వేళ్లు కనబడనందుకు క్షమించండి.

ఇక చరణం. మా మాస్టారికి ఆ కృతి మర్చిపోవడం అన్నది లేదు. మాకు నేర్పేటప్పుడు పుస్తకం ముట్టరు. ఆయన రెండో పాదం రెండోసారి పాడబోయారు. అది ఫిడేలు మాస్టారికి వినబడలేదు. అయిపోయిందనుకుని మూడో పాదంలోకి వెళ్లిపోయారు. మా మాస్టారు ఒక్క క్షణం ఆగి, అటు చూసి, నుదురు కొట్టుకున్నారు. అప్పుడు నేను ఆయన వెనకే ఉన్నాను. నేనూ మీలాగే ఆయనే మర్చిపోయారనుకున్నా.

లోపలికెళ్లాక ఫిడేలు మాస్టారు అడిగారు, "ఎవరిదది?" అని. "నాదే, మతిమరుపు" అన్నారు ఈయన. ఆయన నమ్మలేదు. రాత్రి కారులో, మర్నాడు ఫోనులో అదే గొడవ. నాదంటే నాది అని. "ఆయన ఒప్పుకోడు, నువ్వు రాసెయ్యి" అని నాకు అప్పగించారు. మా మాస్టారికి చెప్పకుండా రాస్తున్నా. వాయింపు ఎవరి చేతిలో పడుతుందో చూడాలి.

బ్రాడీపేట 4/14 | మంగళవారం సాయంత్రం 5:40

అమ్మా, ఒక్క మాట చెప్పండి. ఆ కుయ్యిమన్న బాక్సు ఎవరి వైపు తిప్పి ఉంది?

తంబూర వెనకాల | మంగళవారం సాయంత్రం 5:44

ఫిడేలు మాస్టారి ఎడమ చెవి వైపు.

మీరేం బాధపడకండి. అది నిజంగానే అరుస్తోంది. అది తగ్గించాకే దాటిపోయారని కూడా గట్టిగా చెప్పలేం. అంతకుముందు మోహనలో కూడా ఒకచోట తడబడ్డారు, ఎవరూ గమనించలేదు.

బ్రాడీపేట 4/14 | మంగళవారం సాయంత్రం 6:02

రాసుకోండి అన్నాను కదా. కొట్టేయండి.

మిశ్రచాపు | మంగళవారం రాత్రి 8:19

నేను రెండు విషయాలు ఒప్పుకోవాలి, ఒకటి ఒప్పుకోను.

ఫిడేలు ముందుకెళ్లిందని చూసింది నిజం. ఎందుకెళ్లిందో నేను కట్టిన కథ తప్పు. మోచెయ్యి చూశానని ఎగతాళిగా రాశాను, అది వెనక్కి తీసుకుంటున్నా.

పై గాంధారం నిలవలేదన్నది మాత్రం అలాగే ఉంటుంది. ఈ కథ తెలిశాక ఆ గాంధారం నిలబడిపోదు కదా. కానీ తంబూర గారూ, మీరు చెప్పాక ఇంకోటి తట్టింది. ఆ రాత్రంతా ఆయన తాళం మామూలు కన్నా పెద్దగా వేశారు. తొడ మీద దెబ్బ, చెయ్యి బాగా ఎత్తి, వేళ్లు విడివిడిగా. ఇంత ఆడంబరమేంటి ఈ వయసులో అని నా నోటుబుక్కులో రాసుకున్నా కూడా. అది ఫిడేలు ఆయన కంటికి కనబడాలనా?

తంబూర వెనకాల | మంగళవారం రాత్రి 8:33

అవును. మామూలుగా ఆయన తాళం ఒళ్లో పడుకున్నట్టు ఉంటుంది, మాకే కనబడదు. ఆ రాత్రి పడుకునేటప్పుడు తొడకు నొప్పి మందు రాయించుకున్నారు.

కృష్ణలంక కుర్రోడు | మంగళవారం రాత్రి 8:50

మా మాస్టారికి చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ అబ్బాయి నంబరు కనుక్కో, తని మరీ కురచగా వేశాడు, ఓసారి రమ్మను" అన్నారు.

రేడియోబామ్మ | మంగళవారం రాత్రి 9:05

ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు అంతంత మాత్రం. ఆ నల్ల కళ్లద్దాలతోనే ఫిడేలుని పక్క నుంచి నడిమికి తెచ్చి సోలో కచేరీలు చేశారు. ఈ విద్యలో కన్ను పోయినా బతకొచ్చు అనేవారు మా నాన్న. చెవి సంగతి ఆయన చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది, పక్కన మనిషుంటే అదీ బతుకుతుందని.

మనవరాలా, ఇది పంపెయ్. అక్షరదోషాలు నీవి.

గళ్ల నోటుబుక్కు | మంగళవారం రాత్రి 9:26

నా చెంబై లెక్క మొత్తం తలకిందులు. రెండోకాలం గారు ఊరికే అన్నదే సరి. చోటే ముందు.

పునుగుల బండి | మంగళవారం రాత్రి 10:41

ఇప్పుడే షాపు కట్టేసి వచ్చి మొత్తం చదివా. తంబూర గారూ, కుడి చెవి అన్నారు కదా. అంటే కారులో ఫిడేలాయన డ్రైవర్ వెనక, పాడినాయన ఇటువైపు. ఎడమ చెవి పక్కన.

నేను హారన్ కూడా కొట్టానండి. రెండుసార్లు.

తంబూర వెనకాల | మంగళవారం రాత్రి 10:55

ఆటోలో అయినా అంతే. భోజనాల బల్ల దగ్గరా అంతే. హారన్ ఆయనకు వినబడి ఉండదు లెండి. ఈయనకు వినబడింది, "ఎవడో తొందరలో ఉన్నాడు, జరుగు జరుగు" అన్నారు.